సమీపముగా నున్నంత మాత్రమున చాలునా?

ధ్యానభాగము: కీర్తన 19:1–6, యాకోబు 2:14–17

సూర్యుని వేడిమి తాకని చోటు లేదని కీర్తనకారుడు తలపోసెను. మన భూమి తిరుగుచున్నది గనుక తెనాలికైనను రేపల్లెకైనను ఎండ వంతు తప్పదు. అయితే సగభాగము ఎన్నడును వెలుగు చూడని లోకములు కలవు.

మన బృహస్పతి గ్రహము సూర్యుని చుట్టి వచ్చుటకు దాదాపు 12 ఏండ్లు పట్టును. 1995లో మిషెల్ మయోర్, డిడియె కెలో అను శాస్త్రజ్ఞులు కనుగొనిన మహాగ్రహము తన నక్షత్రమును నాలుగు దినములకే చుట్టి వచ్చును. ఇట్టి గ్రహములు, చంద్రుడు మనకు చూపునట్లు, తమ నక్షత్రమునకు ఒక్క ముఖమునే చూపునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

వాటి వేడిమిని కొలుచుట ఎట్లు? గ్రహము నక్షత్రము చాటునకు పోయినప్పుడు మనకు చేరు కాంతి ఇంచుక తగ్గును. ఆ తగ్గినదే గ్రహము వంతు. స్పిట్జర్ దూరదర్శినితో ఇట్టి గ్రహమొకదానిని కనిపెట్టి చూచి, 2007లో దాని వేడిమి పటమును ప్రకటించిరి. పగటివైపు సుమారు 930 డిగ్రీలు, నిత్యము చీకటియైన వైపు సుమారు 700 డిగ్రీలు! బాపట్ల తీరమున సముద్రపు గాలి ఎండ బాధను తగ్గించునట్లు, అక్కడి పెనుగాలులు పగటి వేడిమిని రాత్రివైపునకు మోయుచున్నవి.

కాని అన్నియు అట్లు లేవు. 2009లో ప్రకటింపబడిన వాస్ప్-18 బి నక్షత్రమునకు మరింత చేరువ. ఒక దినము నిండకముందే చుట్టి వచ్చును. దాని పగటివైపు మిక్కిలి మండుచున్నను రాత్రివైపునకు చేరు వేడిమి బహు స్వల్పము. మితిమీరిన వేడిమి, గాలి మోయునంతలోనే అంతరిక్షమున వెదజల్లబడును.

గ్రహమునకు మనస్సు లేదు గనుక దానిపై నేరము లేదు. మనకో, మనస్సున్నది. ఉజ్జీవ కూటములలో మన గొంతులు మండును, కన్నీళ్లు కారును. మరునాడు పేటలో వడదెబ్బ తగిలి పనికి పోలేని కూలివాని గుమ్మము త్రొక్కితిమా? వెచ్చగా నుండుమని నోటితో చెప్పి, వట్టిచేతులతో పంపివేయు విశ్వాసమును యాకోబు మృతమైనదిగా ఎంచెను. ఆరాధన వ్యర్థమని నా భావము కాదు. వేడిమి లేనిచోట మోయుటకేమి యుండును? అయితే మన భక్తిని కొలుచు చోటు వెలుగు పడు ముఖము కాదు, ఆవలివైపు.

ఈ నెల ప్రతి కుటుంబమును ఒక్క చీకటి గుమ్మమునైనను వెదకునుగాక. పొందిన కృపను మోసికొనిపోవు గాలులుగా ప్రభువు మనలను చేయునుగాక. ఆమేన్.