నిజం చేతికి తెలిస్తే చాలు

చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలు, వీడియోలు అన్నీ చూశాను. ప్లాస్టిక్ గుళ్ళు కాల్చి ఆడే ఎయిర్‌సాఫ్ట్ ఆటకు కొత్త రకం ఎలక్ట్రిక్ రైఫిల్ కొనుక్కోవాలని ఉందని, నీకింకా పదహారేళ్ళే కాబట్టి మీ అమ్మ ఒప్పుకోవాలని, ఆవిడకు నచ్చజెప్పే పూచీ నాదేనని రాశావు. పాలిటెక్నిక్‌లో పిల్లలకు గేర్లు, మోటార్లు చెప్పి రిటైరైనవాణ్ణి. యంత్రం మీద నీకున్న ఇష్టం నాకు అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది? అందుకే ‘వద్దు’ అనే మాటతో మొదలుపెట్టను. అందులో మెచ్చుకోవలసినదేమిటో, జాగ్రత్త పడవలసినదేమిటో రెండూ చెబుతాను. ఓపిగ్గా చదువు నాన్నా.

ముందు యంత్రం సంగతి. జపాన్‌లో టోక్యో మారుయి కంపెనీ 1991లో ఫ్రెంచి ఫమాస్ రైఫిల్ రూపంలో తెచ్చిన ఎలక్ట్రిక్ గన్‌తో ఈ వరస మొదలైంది. బ్యాటరీ మోటారును తిప్పుతుంది, మోటారు మూడు గేర్లను తిప్పుతుంది. చివరి గేరుకు పిస్టన్‌ను పట్టే పళ్ళు సగం చుట్టే ఉంటాయి. ఆ పళ్ళు పిస్టన్‌ను వెనక్కి లాగి స్ప్రింగును నొక్కిపెడతాయి. పళ్ళు అయిపోయిన చోట పిస్టన్ విడుదలై, ముందున్న గాలిని ఒక్క ఊపున తోస్తుంది. ఆ గాలికి 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు, అంటే బీబీ, ఎగిరిపోతుంది. బారెల్ మొదట్లో ఉండే చిన్న రబ్బరు ముక్క బీబీ పైభాగాన్ని రాసి దానికి వెనక్కి తిరిగే గుణం ఇస్తుంది. అలా తిరిగే బీబీని గాలే కాస్త పైకి ఎత్తి పట్టుకుంటుంది కాబట్టి అది త్వరగా కిందికి వాలకుండా దూరం పోతుంది. మీరు హాప్‌-అప్ అనేది దీన్నే. ఇంత చిన్న చోట ఇంత పని ఇమిడ్చినవాళ్ళకు నేను మనసారా దణ్ణం పెడతాను.

పాత ఎలక్ట్రిక్ గన్‌లలో ఒక వెలితి ఉండేది. భుజానికి తన్నదు. బీబీలు అయిపోయినా ట్రిగ్గర్ నొక్కినంతసేపూ మోటారు తిరుగుతూనే ఉంటుంది. మ్యాగజైన్‌లో వందల బీబీలు పోసుకుని, గురి సంగతి మరిచి చల్లుకుంటూ పోవచ్చు. మారుయి 2007లో ఏకే74తో మొదలుపెట్టిన నెక్స్ట్ జనరేషన్ వరస ఈ వెలితిని తీర్చింది. పిస్టన్‌తో పాటే కదిలే ఒక బరువును లోపల పెట్టారు. ప్రతి బీబీకీ అది వెనక్కి వచ్చి కొట్టుకుని భుజానికి తెలుస్తుంది. తర్వాత వచ్చిన ఎమ్4 రకాల్లో మ్యాగజైన్ ఖాళీ కాగానే గన్ ఆగిపోతుంది. కొత్త మ్యాగజైన్ పెట్టి, పక్కనున్న బోల్ట్ క్యాచ్ నొక్కితేనే మళ్ళీ పేలుతుంది. 82 బీబీలు పట్టే మ్యాగజైన్‌ను 30కే ఆగేలా మార్చుకునే వీలు కూడా ఇచ్చారు. జపాన్‌వాళ్ళదే సిస్టెమా కంపెనీ అయితే శిక్షణకు పనికొచ్చేలా, పట్టులోనూ తీరులోనూ అసలుదానికి దగ్గరగా ఉండే రైఫిలే చేసింది. ఇప్పుడైతే ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్లు వచ్చాయి. గేరు ఎక్కడుందో సెన్సర్ కనిపెట్టి, పిస్టన్‌ను సరిగ్గా కావలసిన చోట ఆపుతుంది.

చిన్నా, ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు మాట ఉంది. నిజమైన తుపాకీలా ఉండాలని చేసే పనులు రెండు రకాలు. కొన్ని పట్టుకున్నవాడి చేతికి తెలుస్తాయి. భుజానికి తగిలే తన్ను, సరైన బరువు, 30కే అయిపోయే మ్యాగజైన్, ఖాళీ అయితే ఆగే బోల్ట్ ఆ రకం. అవి నీ చేత లెక్కపెట్టిస్తాయి, గురి చూడమంటాయి, ఎప్పుడు మ్యాగజైన్ మార్చాలో ఆలోచించమంటాయి. ఆట నిన్ను పెంచేది వాటితోనే. మిగతావి చూసేవాళ్ళ కంటి కోసం. అసలు కంపెనీ ముద్రలు, అరిగిపోయినట్టు వేసిన రంగు, నిజం తుపాకీ కాదని తెలిపే నారింజ కొన తీసేసి పెట్టిన నల్లటి మూతి ఈ రెండో రకం. వీటివల్ల నీ ఆట ఒక్క అంగుళం కూడా మెరుగుపడదు. పైగా ప్రమాదమంతా వీటిలోనే ఉంది. మొదటి రకం ఎంతైనా కోరుకో. రెండో దాని మీద మోజు పెంచుకోకు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో విను. మీ కాలిఫోర్నియాలోనే, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన శాంటా రోసా ఊళ్ళో, 2013 అక్టోబరు 22న ఆండీ లోపెజ్ అనే పదమూడేళ్ళ పిల్లవాడు ఏకే47లా ఉన్న ఎయిర్‌సాఫ్ట్ గన్ పట్టుకుని నడిచి వెళుతున్నాడు. దానికి నారింజ కొన లేదు. షెరిఫ్ డిప్యూటీ దాన్ని నిజం తుపాకీ అనుకుని కాల్చాడు. పిల్లవాడు చనిపోయాడు. మరుసటి ఏడు నవంబరు 22న క్లీవ్‌లాండ్‌లో పన్నెండేళ్ళ తమీర్ రైస్ పార్కులో ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలుతో ఉన్నాడు. దాని నారింజ కొన కూడా అంతకు ముందే ఊడింది. పోలీసు కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలోపే తూటా తగిలింది. తప్పెవరిదన్న వాదన పెద్దవాళ్ళు చాలా కాలం చేశారు, చెయ్యాలి కూడా. కానీ ఆ వాదన ఏదీ ఆ పిల్లల్ని తల్లులకు తిరిగి ఇవ్వలేదు. మనలాంటి రంగున్న పిల్లవాణ్ణి ఎదుటివాడు భయంతో చూసే క్షణం వస్తే, నీ మంచితనం చెప్పుకునే వ్యవధి నీకు దొరకకపోవచ్చు. మీ అమ్మకు నిద్ర పట్టనిది ఈ ఆలోచనతోనే.

చట్టాలు కూడా ఈ జాగ్రత్తనే చెబుతున్నాయి. అమెరికాలో ఇలాంటి గన్‌ల మూతికి నారింజ రంగు ఉండాలన్న ఫెడరల్ నిబంధన 1989 నుంచి ఉంది. ఆండీ చనిపోయాక కాలిఫోర్నియా ఇంకో అడుగు వేసింది. 2016 జనవరి 1 నుంచి అక్కడ అమ్మే ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్‌కు నారింజ కొనతో పాటు ట్రిగ్గర్ గార్డు మీద, ఇతర భాగాల మీద కొట్టొచ్చినట్టు కనిపించే రంగు ఉండాలి. బహిరంగ స్థలంలో దాన్ని బయటికి కనిపించేలా పట్టుకోవడం నేరం. ఇంగ్లండులో 2007 నుంచి ఆటలో పాల్గొనేవాళ్ళలాంటి కొందరికి తప్ప మిగతావాళ్ళకు నిజంలా కనిపించేవి అమ్మరు. ఈ ఆట పుట్టిన జపాన్ కూడా 2006లో చట్టం సవరించి, 6 మిల్లీమీటర్ల బీబీ శక్తి దాదాపు 0.98 జౌళ్ళు దాటకూడదని గీత గీసింది. 0.2 గ్రాముల బీబీ సెకనుకు 100 మీటర్ల వేగంతో పోతే సరిగ్గా ఒక జౌలు. నువ్వే లెక్క కట్టి చూసుకో. మారుయివాళ్ళ తెలివంతా ఆ గీత లోపలే పండింది. పరిమితి ఉన్నచోటే పనితనం బయటపడుతుందని ఆ గన్‌ల లోపలి గేర్లే చెబుతున్నాయి. వాటిలో గట్టి స్ప్రింగు దూర్చి పళ్ళు విరగ్గొట్టుకోకు.

అజ్ఞాతవాసానికి విరాటనగరం చేరినప్పుడు పాండవులు ఏం చేశారో నీకు చిన్నప్పుడు చెప్పాను. ఆయుధాలతో ఊళ్ళోకి అడుగుపెడితే జనం బెదిరిపోతారని, గుర్తుపడతారని, గాండీవంతో సహా అన్నిటినీ మూటగట్టి జమ్మిచెట్టు మీద దాచారు. అర్జునుడికి లేని చిన్నతనం నీకెందుకు? మైదానం కంచె దాటి ఇవతలికి వచ్చాక నీ రైఫిల్ ఎవరి కంటా పడకూడదు. జిప్ ఉన్న సంచిలో, మ్యాగజైన్ తీసి, బ్యాటరీ విడదీసి, కారు డిక్కీలో ఉండాలి. పెరట్లో గానీ బాల్కనీలో గానీ వీధి కనిపించే కిటికీ దగ్గర గానీ బయటికి తీయకు. ఇన్‌స్టాగ్రామ్ ఫొటో కోసమైనా సరే, స్కూలు దరిదాపులకు తీసుకెళ్ళకు. నారింజ రంగు మీద నల్ల రంగు పూయాలన్న ఆలోచన ఎవరైనా చెబితే అతనితో ఆడడమే మానేయ్.

ఇక మైదానంలో. కళ్ళు మొదటి లెక్క. కంటి రక్షణ ప్రమాణం జడ్87.1 ముద్ర ఉండి, చుట్టూ సందు లేకుండా మూసుకునే గాగుల్స్ పెట్టుకో. పళ్ళకు కింది మాస్కు కూడా వేసుకో. ఎంత ఆవిరి పట్టినా ఆట నడుస్తుండగా గాగుల్స్ ఎత్తకు. తుడుచుకోవాలంటే సేఫ్ జోన్‌కు రా. ఆట అయ్యాక ముందు మ్యాగజైన్ తియ్యి, తర్వాత క్షేమమైన వైపు రెండు మూడు సార్లు పేల్చు. మ్యాగజైన్ తీసినా ఒక బీబీ లోపల మిగులుతుంది. దాన్ని మరిచిపోయినవాళ్ళే ప్రమాదాలు తెచ్చుకుంటారు. ఆపైన బారెల్‌కు తొడుగు తొడుగు. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ అయితే బ్యాలెన్స్ చార్జర్‌తో, నువ్వు ఎదురుగా ఉండగానే చార్జ్ చెయ్యి. ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి దిగనివ్వకు. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి వాడదామనుకోకు. వాడనప్పుడు సగం చార్జ్‌తో నిప్పు అంటని సంచిలో పెట్టు.

అన్నిటికన్నా పెద్ద మాట ఇంకొకటి. ఎయిర్‌సాఫ్ట్‌లో దెబ్బ తగిలిందని చెప్పే గుర్తు ఏదీ ఒంటి మీద పడదు. పెయింట్‌బాల్‌లా రంగు అంటదు. తగిలిన మనిషే చెయ్యెత్తి ‘హిట్’ అనాలి. ఎవరూ చూడకపోయినా అనాలి. సందేహం ఉన్నా అనాలి. ఈ ఆట మొత్తం ఆ నిజాయితీ మీద నిలబడింది. రిఫరీ చూడని పొద మాటున కూడా చెయ్యెత్తేవాడివి కావాలి నువ్వు. రైఫిల్ ఎంత నిజంగా ఉందన్నది రెండో సంగతి. ఆడేవాడు ఎంత నిజంగా ఉన్నాడన్నదే నేను చూస్తాను.

కొనే విషయానికొస్తే, తొందరపడకు. ముందు మైదానంలో అద్దె గన్‌తో కొన్నాళ్ళు ఆడు. ఏ రూల్స్ పెట్టారో, ఎంత శక్తి వరకు అనుమతిస్తారో, ఎక్కడ ఒక్కొక్కటిగానే కాల్చాలో తెలుసుకో. భుజానికి తన్నే గన్‌లు ఖరీదెక్కువ, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి కూడా. నూనె వేసి, విప్పి బిగించే ఓపిక ఉందో లేదో ముందు నిన్ను నువ్వే అడుక్కో. కాలిఫోర్నియాలో నీ వయసువాళ్ళకు ఇది అమ్మరు. అమ్మ చేతుల మీదుగానే రావాలి, అలా రావడమే న్యాయం. చాటుమాటుగా ఇంకొకరి పేరు మీద తెప్పించుకునే ఊహ రానీయకు.

నేను మీ అమ్మతో మాట్లాడతాను, మాట ఇస్తున్నాను. అంతకు ముందు నువ్వొక పని చెయ్యి. పైన రాసిన జాగ్రత్తలన్నీ నీ చేతిరాతతో ఒక కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి అమ్మ చేతికివ్వు. ఏది తప్పినా రైఫిల్ తీసి అమ్మకు అప్పగిస్తానని కూడా అందులో రాయి. ఆ తర్వాత ఒక ఆదివారం అమ్మానాన్నల్ని మైదానానికి తీసుకెళ్ళు. నువ్వు ఎలా నడుచుకుంటున్నావో వాళ్ళు కళ్ళారా చూస్తే, నేను ఫోన్లో చెప్పే నాలుగు మాటలకన్నా అది ఎక్కువ పని చేస్తుంది.

క్షేమంగా ఆడుకో. చదువు మరువకు. ఆయుష్మాన్ భవ.

ప్రేమతో,
మీ మామయ్య