శీలం ఆమె ఒక్కదానికేనా?

రెండేళ్ల కింద ఒక ఆదివారం, మన మొఘల్‌పురాలో వందన అయ్యాక ఒక చెల్లె నా కోసం ఆగింది. లాడ్‌బజార్ గాజులకు ఇంట్లో కూర్చొని రాళ్లు అతికించే పని ఆమెది. ఇద్దరు ఆడపిల్లలు. "అక్కా, మళ్లా నెల తప్పింది. ఉంచుకోలేను. తీయించుకుంటే పాపమా?" అని అడిగింది.

నేను మొదటి శీలం గుర్తు చేశాను. ప్రాణం తీయకూడదు కదమ్మా అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. నాలుగు రోజులకు మందుల షాపులో గోలీలు కొనుక్కొని వేసుకుంది. రక్తం ఆగక ఆసుపత్రిలో పడింది. బతికింది.

ఆ తర్వాతే ఆమె పక్కన కూర్చొని విన్నాను. రెండో కాన్పు నుంచి ఒంట్లో రక్తం లేదు. భర్త నిరోధ్ వాడడు, ఆపరేషన్ చేయించుకోడు. ఇంటి కిరాయి బాకీ. "స్కానింగ్ చేయించు, మళ్లా ఆడపిల్లయితే ఇంట్లో ఉండనియ్య" అని అత్త. తల్లిగారింట్లో "సర్దుకో బిడ్డా" అన్నరట. ఇంతమంది కలిసి ఆమెను ఆ గడప దాకా నెట్టారు. పాపం మాత్రం నేను ఆమె ఒక్కదాని నెత్తిన పెట్టాను.

ప్రాణహింస వద్దన్నది బుద్ధుని మాటే. దాన్ని దాచను, తేలిక చేయను. కానీ శీలం దేవుడి ఆజ్ఞ కాదు. ఎవరికి వారు "నేను స్వీకరిస్తున్నాను" అని చెప్పుకునే శిక్షాపదం. ఒకరి శీలాన్ని ఇంకొకరు కర్రలా పట్టుకోవడానికి లేదు. కర్మ అంటే చేతన అని, మనసులోని సంకల్పమని తథాగతుడు చెప్పాడు. మరి ఆమె చేతన చూసేవాళ్లం, ఆమెను నెట్టినవాళ్ల చేతన ఎందుకు చూడం?

మల్లిక ఆడపిల్లను కన్నదని తెలిసి కోసల రాజు పసేనది మొహం ముడుచుకుంటే, ఆడబిడ్డ మగబిడ్డ కంటే మేలైనది కావచ్చని బుద్ధుడు అతనికే చెప్పాడు. మల్లికకు కాదు. బోధ ఎవరికి అవసరమో వారికే చేశాడు.

బాబాసాహెబ్ కూడా అంతే. 1938 నవంబర్ 10న బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణ తీర్మానం మీద ఆయన తయారు చేసిన ప్రసంగాన్ని పి.జె. రోహమ్ చదివారు. ప్రసవ బాధ మగవాళ్లకే ఉంటే ఒక్క బిడ్డకు మించి ఎవరూ ఒప్పుకోరని, కనాలా వద్దా అన్నది స్త్రీ ఇష్టమే కావాలని అందులో ఉంది. సభ తీర్మానాన్ని ఓడించింది. ఆ మాట మాత్రం మనకు మిగిలింది.

చట్టం కూడా తెలుసుకోండి. 1971 చట్టం, 2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. డాక్టరు ఆమె చుట్టూ ఉన్న పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. 18 ఏళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి చాలు, భర్త సంతకం అక్కర్లేదు. పెళ్లికాని స్త్రీలకూ ఈ హక్కు ఉందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. కడుపులో ఉన్నది ఆడో మగో పరీక్ష చేయించడం మాత్రం 1994 చట్టం కింద నేరం.

అందుకే, అన్నలారా, నిరోధ్ గురించి, మగవాళ్ల ఆపరేషన్ గురించి మీ ఇంట్లో మీరే మాట్లాడండి. అది కూడా శీలమే. అత్తలారా, కొడుకు కావాలని కోడలి కడుపు మీద పందెం కాయకండి. చెల్లెళ్లారా, దొంగచాటుగా గోలీలు మింగకండి. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి మనకు దగ్గరే. ఒంటరిగా పోవాల్సిన పని లేదు, మేం తోడొస్తాం.

ఆ చెల్లె ఇప్పటికీ వందనకు వస్తుంది. ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్నకు ముందు నేను అడగాల్సింది ఒక్కటే: "ఏమైందమ్మా, కూర్చో." కరుణ అక్కడ మొదలవుతుంది.

నమో బుద్ధాయ. జై భీమ్.