కాయకము – కృత్రిమ బలము

కళ్యాణ పట్టణమున ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలను ఏరుటయే కాయకముగ జీవించెను. ఒకనాడతడు అవసరమునకు మించి తెచ్చెను. ధర్మపత్ని లక్కమ్మ చూచి, అధికమైన బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను పంపెను. ఆ యింట తూచి పరీక్షించు అధికారి ఎవడును లేడు.

అమెరికా కళాశాలల క్రీడలలో అట్టి అధికారి అవసరమయ్యెను. ఎన్.సి.ఏ.ఏ. అను క్రీడాసంఘము 1986లో మాదక, ఉత్తేజక ద్రవ్యములకై మూత్రపరీక్షలు ప్రారంభించినది. ఓక్లహోమా విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ వీరుడు బ్రయన్ బాస్‌వర్త్ స్టెరాయిడ్లు వాడినట్లు తేలగా, 1987 జనవరి 1న జరిగిన ఆరెంజ్ బౌల్ పోటీలో అతనిని ఆడనీయలేదు. గాయమునకు వైద్యుడిచ్చిన మందని అతడు చెప్పెను. సంఘమును నిందించు మాటలు ముద్రించిన చొక్కాతో మైదానపు అంచున నిలిచెను.

ఈ స్టెరాయిడ్లు పురుష హార్మోనగు టెస్టోస్టిరోనును పోలిన కృత్రిమ పదార్థములు. వ్యాయామముతో కలిసి కండను పెంచుననుట నిజమే. పనిచేయని మందైనచో ప్రలోభమెక్కడిది? అయితే హార్మోను బయటినుండి వచ్చుట గ్రహించిన మెదడు వృషణములకు పంపు ఆజ్ఞను తగ్గించివేయును. అవి తమ పని మాని కుంచించుకొనిపోవును. మందు మానిన పిదప ఆ పని మరల కుదుటపడుటకు నెలలు పట్టవచ్చును. కాలేయమునకు, గుండెకు కలుగు హాని వేరు. ఎముకల యెదుగుదల ముగియని బాలుడు వాడినచో పొడవు పెరుగుటయే ఆగిపోవచ్చును. దేహమును దేవాలయముగ నెంచు శరణుని కంటికి ఇది కాయకమునకు తోడ్పాటు కాదు. అవయవముల చేత వాని కాయకమును మాన్పించుట.

పరీక్ష అవసరమే. ఒకడు వాడినచో ప్రక్కవాడు తానును వాడక తప్పదనుకొనును. ఆటలోని స్థానముతో చదువు ఖర్చు ముడివడిన పేద విద్యార్థికి ఈ ఒత్తిడి మరింత యెక్కువ. కాని మూత్రమిచ్చునపుడు పరుడొకడు నిలిచి చూచుట అవమానమని స్టాన్‌ఫర్డ్ క్రీడాకారులు న్యాయస్థానమున కెక్కిరి. 1994లో కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానము పరీక్షలనే సమర్థించెను. తప్పెరుగని విద్యార్థి భరించు ఆ సిగ్గు, తప్పు చేసినవాడు తోటివానిపై మోపిన ఋణము.

ఈ వ్యాధి మన దేశమునకును క్రొత్తది కాదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు పరీక్షాధికారులు వచ్చిన దినమున, పురుషుల 100 మీటర్ల తుదిపరుగుకు ఒక్క యువకుడే వచ్చి నిలిచెను. అతడు ఒంటరిగనే పరుగెత్తెను.