పండగ వెళ్లాక ఏం మిగలాలి?



ధనుర్మాసపు చలి. తెల్లవారకముందే వాకిట్లో కళ్లాపి చల్లుతారు. బియ్యప్పిండితో ముగ్గు పెడతారు. ఎండ పొడ తగిలేసరికి ఆ ముగ్గు మీదికి చీమలు బారులు తీరతాయి. మనకది అలంకారం. చీమలకు ఆహారం.

ముగ్గు మధ్యలో గొబ్బెమ్మ. పేడ ముద్ద, తలలో గుమ్మడి పువ్వు. పూజ అయ్యాక దాన్ని పారేయరు. పిడక చేసి ఎండబెడతారు. రథసప్తమి నాడు ఆ పిడకల మీదే పాలు పొంగిస్తారు. పరమాన్నం వండి చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతారు. ఒక పండగ మిగిల్చింది, ఇంకో పండగకు పొయ్యి వెలిగిస్తుంది.

పండగ వెళ్లాక ఏం మిగిలింది? ఈ ప్రశ్న మన పెద్దవాళ్లకు రాలేదు. ఇప్పుడు మనం వేసుకోక తప్పదు.

భోగి మంటలో పాత టైరు పడేస్తే మిగిలేది నల్లటి పొగ. నైలాన్ మాంజాతో గాలిపటం ఎగరేస్తే మిగిలేది కొమ్మకు చిక్కిన దారం, ఆ దారంలో చిక్కిన పిట్ట.

భోగి మంటకు ఎండు కొమ్మలు, పిడకల దండ చాలు. గాలిపటానికి నూలు దారం చాలు. చుట్టాలకు అరిసెలు పంపడానికి స్టీలు డబ్బా చాలు. ఖాళీ డబ్బా తిరిగివ్వడం మనవాళ్లకు అలవాటు లేదు కదా! అది ఏ సున్నుండలతోనో వెనక్కొస్తుంది.

పండగ వెళ్లాక ఏం మిగలాలి? నోట్లో అరిసె తీపి మిగలాలి. వాకిట్లో చెత్త మిగలకూడదు.