అప్పగింత, స్వీకారం: తండ్రీబిడ్డల వృత్తిలో ఒక ధర్మప్రశ్న

తండ్రి చేసే పనినే బిడ్డ కూడా చేపట్టి, ఇద్దరూ ఒకే కొలిమి దగ్గర కూర్చున్నప్పుడు ఆ పనిపై అధికారం ఎవరిది, అది ఎప్పుడు చేతులు మారాలి అన్నది పైకి ఇంటి లెక్కల వ్యవహారంగా కనిపించినా, మూలంలో వేదాంతం ఎన్నడో విచారించిన ప్రశ్న. స్వధర్మం, అంటే ఎవరికి తగిన కర్తవ్యం వారిది అనే భావనతో దీనికి జవాబు చెప్పి ఊరుకోవడం పరిపాటి. అయితే భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం కర్మలను విభజిస్తూ ఆధారంగా చూపింది స్వభావం నుంచి పుట్టిన గుణాలను. దానిని పుట్టుకకే కుదించి చెప్పిన వ్యాఖ్యానాల వల్ల కులవృత్తిలో పుట్టిన బిడ్డ ఇష్టాయిష్టాలకు చోటు లేకుండా పోయింది.

ఈ విషయంలో కౌషీతకి ఉపనిషత్తు మరింత సూక్ష్మంగా ఆలోచించింది. దాని రెండో అధ్యాయంలో పితాపుత్రీయ సంప్రదానం, అంటే తండ్రి కొడుకుకు సర్వస్వాన్ని అప్పగించే విధి ఉంది. మరణం దగ్గరపడిన తండ్రి తన వాక్కును, ప్రాణాన్ని, చూపును, వినికిడిని, కర్మలను ఒక్కొక్కటిగా కొడుకులో ఉంచుతానంటాడు. కొడుకు ప్రతిదానికీ విడివిడిగా స్వీకరిస్తున్నానని బదులిస్తాడు. ఆ బదులు లేనిదే విధి పూర్తికాదు కనుక, వారసత్వానికి పుట్టుక ఒక్కటే చాలదని, పుచ్చుకునేవారి సమ్మతి కూడా కావాలని గ్రహించాలి. అంతకన్నా ముఖ్యమైన నిబంధన మరొకటి ఉంది: తండ్రి కోలుకుంటే కొడుకు ఆధిపత్యం కింద జీవించాలి, లేదా ఇల్లు విడిచి పరివ్రాజకుడిగా, అంటే సంచార సన్యాసిగా వెళ్లిపోవాలి. ఈ మాట కఠినంగా తోచవచ్చు. కానీ ఇచ్చిన అధికారాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోవడం ఇవ్వకపోవడంతో సమానమని ఇంత నిజాయితీగా చెప్పిన గ్రంథాలు అరుదు.

కరీంనగర్ వెండి తీగ పనిలో, అంటే 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఫిలిగ్రీలో, ఈ అప్పగింత దాదాపు అక్షరాలా జరుగుతుంది. క్రమంగా చిన్నవయ్యే రంధ్రాలున్న కమ్మచ్చు గుండా వెండిని సన్నని తీగగా లాగి, రెండు తీగలను మెలిపెట్టి, చదును చేసి, పట్టుకారుతో పువ్వులుగా, లతలుగా వంచి, మందమైన తీగతో చేసిన చట్రంలో ఇమిడ్చి, టంకం పొడి, వెలిగారం చల్లి వేడిచేస్తారు. టంకం కరిగి తీగ కరగకుండా నిలిచే ఆ క్షణాన్ని కంటితోనే పట్టుకోవాలి కాబట్టి, వయసుతో తండ్రి చూపు మందగించే కొద్దీ పని భారం బిడ్డ కళ్లమీదికి వస్తుంది. అయినా కళ్లు, చేతులు బిడ్డవై, బేరమూ నమూనా ఎంపికా తండ్రివే అయితే, అక్కడ అప్పగింత జరగలేదు. జరిగింది శ్రమ పంపకం మాత్రమే.

సిరిసిల్లలో మరో చిక్కు ఉంది. అక్కడ సాంచాలని పిలిచే మరమగ్గాలు వచ్చాక, చేమగ్గం నేర్చిన తండ్రికి కొడుకు పనిలో చెప్పగలిగేది తగ్గిపోయింది. అంతమాత్రాన వారసత్వం తెగిపోయినట్టు కాదు. తండ్రి చేయక మిగిల్చినదాన్ని కొడుకు పూరిస్తాడని బృహదారణ్యకోపనిషత్తు చెప్పినప్పుడు, అతడు తండ్రి చేసినదాన్నే మళ్లీ చేయాలని అనలేదు.

ఈ అప్పగింత విషయంలో ఆ ఉపనిషత్తులు కొడుకును మాత్రమే పేర్కొన్నాయి. నేడు ఆ స్థానం కూతురికీ సమానంగా చెందాలి. కరీంనగర్ కొలిమి దగ్గరైనా, నిర్మల్‌లో పొనికి చెక్కతో బొమ్మలు చెక్కే ఇంట్లోనైనా, బిడ్డ వేరే పనికి వెళ్తానంటే దానిని ద్రోహంగా చూడకూడదు. ఉంటానంటే, తల్లిదండ్రులు తాము పనిలో ఉండగానే నమూనా, ధర, కొలత నిర్ణయించే అధికారాన్ని ఆ బిడ్డకు అప్పగించాలి.