నా వాయవ్యం, ఆయన ఈశాన్యం

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. సాయిబు ఇల్లు కట్టి చూడాలంటే ముందు సాయిబు అద్దె ఇల్లు వెతికి చూడాలి. మాకు సొంతిల్లు సరదా కొద్దీ పుట్టిన కోరిక కాదు. అద్దెకు దొరకక పుట్టిన కోరిక.

"మీ పేరేమిటండీ?" అనే దాకా అంతా బాగానే ఉండేది. పేరు చెప్పగానే ఇంటావిడకి ఊళ్లో ఉన్న తమ్ముడు గుర్తొచ్చేవాడు. వాటా వాడికి ఇస్తామన్నామండీ అనేది. కొందరు సూటిగా "మీరు మాంసం వండుతారు కదా" అనేవారు. వాళ్లింట్లోనూ ఆదివారం ఉడికేది అదే. 1992 డిసెంబరు 6 తర్వాత మా ఊళ్లో ఆ పాటి సంజాయిషీ ఇచ్చేవాళ్లు కూడా తగ్గిపోయారు.

చివరికి నా భార్య గాజులు అమ్మి 150 గజాల స్థలం కొన్నాం. వీధి వైపు ముప్పై అడుగులు, లోపలికి నలభై అయిదు. దక్షిణ ముఖం కాబట్టి ఎవరూ ముందుకు రాక చవగ్గా వచ్చింది. తూర్పున సందు. పడమటి వైపు ఇల్లు ఎవరిదో రిజిస్ట్రేషన్ అయ్యాక తెలిసింది. పేరు చెప్పాక మాకు వాటా లేదన్నవాళ్లలో ఆయనా ఒకరు.

మేస్త్రీ వచ్చాడు. దొడ్డి సంగతి దగ్గర మా అమ్మీ పట్టుబట్టింది. కిబ్లా వైపు ముఖం గానీ వీపు గానీ పెట్టి కూర్చోకూడదు. మన ప్రాంతానికి కిబ్లా అంటే పడమర, కాస్త ఉత్తరంగా. అంచేత దొడ్డి ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. "వాస్తు ప్రకారం కూడా అంతే కదమ్మా" అన్నాడు మేస్త్రీ. ఈ దేశంలో మౌల్వీ సాబూ, వాస్తు సిద్ధాంతీ ఏకమైన చోటు ఇదొక్కటేనేమో అని అందరం నవ్వుకున్నాం.

ఆ నవ్వులోనే మేస్త్రీ ముగ్గు పోశాడు. వెనకాల వాయవ్య మూల సెప్టిక్ ట్యాంకు, దాని పక్కనే మురుగునీరు ఇంకే గొయ్యి. అందరికీ అక్కడే పోస్తాడట. నేను వెళ్లి ఆ మూల నిలబడ్డాను. గోడ అవతల గిలక చప్పుడు వినిపించింది.

అది పడమటింటాయన బావి. ఆయనా వాస్తు చూసుకునే తవ్వించాడు, ఈశాన్య మూల. నా వాయవ్యమూ, ఆయన ఈశాన్యమూ ఒకే గోడకి రెండు వైపులు. మట్టి మీద గీసి చూడండి, మీకే తెలుస్తుంది. పక్కపక్కన ఒకే వరసలో ఉన్న రెండు స్థలాల్లో ఇద్దరూ శాస్త్రం తప్పకుండా కడితే తూర్పువాడి గొయ్యి పడమటివాడి నీళ్లలోకి దిగుతుంది. ఎవరి నాలుగు గోడల మధ్య వాళ్లకి శాస్త్రం సరిపోతుంది. గోడ అవతల ఏమవుతుందో ఆ శాస్త్రానికి పట్టదు. భారత ప్రమాణాల ప్రకారం ఆ గొయ్యికీ తాగే నీళ్లకీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలి. అంటే అరవై అడుగులు. ఇక్కడ ఆరడుగులు లేదు.

నిజం చెప్పాలి. నాకు మొదట కలిగింది జాలి కాదు. తాగనీ అనిపించింది. మా కూర వాసన పడనివాడు మా నీళ్లు తాగనీ అనిపించింది. పైగా నన్నెవరూ తప్పు పట్టరు. మేస్త్రీ అక్కడే అన్నాడు, వాస్తు అక్కడే అంది, మునిసిపాలిటీ ప్లాను మీద ముద్ర వేసింది. దొడ్డి దిక్కు సరిగ్గా ఉంది కాబట్టి మా వాళ్లూ మెచ్చుకుంటారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దొడ్డి ఏ దిక్కున ఉండాలో మా ఇంట్లో అందరం అడిగాం. నీళ్లు ఎటు పోతాయో ఒక్కరం అడగలేదు. మేం ముస్లింలమని నలుగురికీ కనిపించే చోట మాకు ఎక్కడలేని పట్టింపు. కనిపించని చోట, మట్టి కింద, మా పట్టింపు ఏమైంది? జిబ్రయీల్ పొరుగువాడి గురించి ఎంతగా తాకీదు చేశారంటే, వారసత్వంలో వాటా కూడా ఇప్పిస్తారేమో అనిపించిందని ప్రవక్త చెప్పిన మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాం. సూరా నిసాలో దగ్గరి పొరుగువాడితో పాటు పరాయి పొరుగువాడి మాటా ఉంది. వాడు నీకు అద్దెకు ఇచ్చి ఉంటేనే అన్న షరతు అందులో లేదు. ఆయన మాకు వాటా ఇవ్వలేదు. అయినా ఆయనకి నా మీద ఒక వాటా ఉంది. హక్కు అంటే మంచితనానికి ఇచ్చే కూలి కాదు కదా!

మర్నాడు గొయ్యి ముందు వైపుకి, ఆగ్నేయ మూలకి మార్చమన్నాను. మూల నుంచి మూలకి యాభై నాలుగు అడుగులు. నా స్థలంలో అంతకంటే దూరం లేదు. అదీ అరవై కాలేదు, ఆ లోటు నాకు తెలుసు. మేస్త్రీ తల పట్టుకున్నాడు. "దక్షిణ ముఖం, పైగా ఆగ్నేయంలో గొయ్యి. రేపు అమ్మితే ఎవడూ కొనడు సాయిబు గారూ!" దొడ్డి వెనకాలే ఉండిపోయింది కాబట్టి పైపు ఇంటి పొడుగునా రావాలి. నలభై అడుగులకి అడుగు వాలు కావాలి. దానికోసం పునాది ఎత్తు పెంచాలి. వరండా డబ్బు అందులో పోయింది.

ఈ సంగతి విని ఒక లౌకికవాద మిత్రుడు "ఇందులో మతమేముంది? ఇది పౌర బాధ్యత" అన్నాడు. కావచ్చు. ఆ మాట మాకు అద్దె దొరకని రోజున ఎక్కడికి పోయిందని అడిగాను. మా వాళ్లలో ఒకాయన "చూశారా, ముస్లిం అంటే ఇలా ఉండాలి, వాళ్లకి తెలిసేలా చెప్పు" అన్నాడు. అదీ నాకు నచ్చలేదు. మంచి ముస్లిం అని సర్టిఫికెట్ తెచ్చుకోడానికి నేను గొయ్యి మార్చలేదు. పడమటింటాయనకి ఈ విషయం నేను చెప్పలేదు.

అలాగని ఆయన చేసింది నేను మర్చిపోలేదు. పేరు చూసి తలుపు వెయ్యడం అన్యాయం. ఆ మాట ఎక్కడైనా అంటాను, ఇక్కడా అంటున్నాను. ఆయన బావి చెడగొడితే నాకు న్యాయం జరగదు. చెడగొట్టలేదు కాబట్టి ఆయన అన్యాయం మాసిపోదు. రెండు లెక్కలూ వేరు.

మా ఇంట్లో నమాజుకి నిలబడితే కిబ్లా వైపు ముందుగా వచ్చేది ఆయన ఇల్లే. ఫజర్ వేళకి గోడ అవతల గిలక చప్పుడు వినిపిస్తుంది. ఆ నీళ్ల గురించి నాకు భయం లేదనలేను, ఆరు అడుగుల లోటు ఉండనే ఉంది. కానీ ఆ చప్పుడు వింటూ సజ్దా చెయ్యగలుగుతున్నాను.