వేరు మనది కాదు

పిడుగురాళ్ల దాటి గురజాల వైపు పోతుంటే రోడ్డు పక్క ఊళ్లలో ప్రార్థనా మందిరాల పేర్లు చదువుకుంటూ పోవచ్చు. సీయోను, బేతేలు, షారోను, హెబ్రోను. సంఘం పుస్తకం తెరిస్తే అబ్రాహాములు, యాకోబులు, రూతమ్మలు, ఎస్తేరు రాణులు. మిరప చేలో నిలబడి ఇశ్రాయేలూ అని కేకేస్తే ఇద్దరు ముగ్గురు తలెత్తుతారు. 1895లో వినుకొండలో పుట్టిన మన జాషువా పేరు కూడా అక్కడినుంచి వచ్చిందే. యూదుణ్ణి కళ్లారా చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేని నేల ఇది. యూదుల పేర్లు మాత్రం ఇంటింటా ఉన్నాయి. అవి ఎరువు తెచ్చుకున్నవని మనకు తోచను కూడా తోచదు. మా తాత పేరు, మా మేనత్త పేరు అంటాం.

ఆ పేర్లు వచ్చిన దారి తెలిసిందే. 1842 జూలై 31న గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హయ్యర్ 1849 నాటికి గురజాలలో మకాం పెట్టాడు. తర్వాత నరసరావుపేటకు బాప్టిస్టులు వచ్చారు, రెంటచింతలలో కతోలికులు నిలదొక్కుకున్నారు. వాళ్ల మాట విన్నవాళ్లలో ఎక్కువమంది మాలమాదిగలు. బడి, మందు, గుడి వచ్చాయని చరిత్రలు రాస్తాయి. వాటికంటే ముందు వాళ్లకు ఒక వంశావళి వచ్చిందని నాకనిపిస్తుంది. ఊరి కథల్లో పొలిమేర అవతలే ఉండాల్సిన మనిషికి, నీ తండ్రి అబ్రాహాము, నీ పూర్వీకులు ఎర్ర సముద్రం దాటినవాళ్లు అని ఎవరో చెప్పారు. వెట్టి చేసే చేతులకు ఐగుప్తు ఇటుకల కథ వేరే వివరించనక్కర్లేదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. కథ మన ఒంటికి అంత బాగా పట్టిందంటే, అది ముందు ఇంకెవరిదో అనే సంగతి మరుగునపడుతుంది. ఆ ఇంకెవరో ఇప్పటికీ బతికే ఉన్నారు. శుక్రవారం పొద్దుగూకే ముందు దీపం వెలిగిస్తున్నారు, అవే కీర్తనలు హెబ్రీలో చదువుతున్నారు. వాళ్లతో దేవుడి లెక్క ఏమిటి?

రోమా సంఘానికి రాసిన పత్రికలో పౌలు ఈ ప్రశ్న మీద మూడు అధ్యాయాలు కూర్చున్నాడు, 9 నుంచి 11 దాకా. మన ప్రసంగాలు 8 దగ్గర ఆగి, ఎగిరి 12లో పడతాయి. నడుమ ఉన్నది గట్టి నేల, దున్నడం కష్టం. అక్కడ అతను ఒలీవ చెట్టు బొమ్మ గీస్తాడు. కొన్ని సహజమైన కొమ్మలు విరిగాయి. వాటి నడుమ అడవి ఒలీవ కొమ్మను అంటుకట్టారు. ఆ అడవి కొమ్మ మనం. కొమ్మల మీద అతిశయపడొద్దు, వేరును నువ్వు మోయడంలేదు, వేరే నిన్ను మోస్తోంది అన్నది ఆ మాటల సారం. దేవుడు తన పిలుపును వెనక్కి తీసుకోడని కూడా అదే అధ్యాయంలో తేల్చేస్తాడు.

బత్తాయి వేసే రైతుకు ఈ బొమ్మ చూపిస్తే నవ్వుతాడు. నర్సరీలో మొక్క బేరమాడేటప్పుడు అతను అడిగేది, దేని మీద కట్టారు, జంబేరి మీదా, రంగపూర్ నిమ్మ మీదా అని. మొరటు వేరు మీద మేలు రకం కన్ను కడతారు. అదీ పద్ధతి. ఇక్కడ పౌలు మేలు వేరు మీద అడవి కొమ్మను కడుతున్నాడు. ఇది స్వభావానికి విరుద్ధమని తనే ఒప్పుకుంటాడు. తోటలో ఇంకో పని కూడా ఉంది. అంటు కింద, వేరుమొక్క నుంచి పిలకలు లేస్తాయి. కొడవలి మొనతో వాటిని ఎప్పటికప్పుడు గీరేయాలి, లేకపోతే పుల్ల నిమ్మ పైకొచ్చి బత్తాయిని తినేస్తుంది. ఐరోపా సంఘం శతాబ్దాల పాటు యూదుల్ని ఈ పిలకల్లాగే చూసింది. తన వేరు నుంచి లేచిన కొమ్మల్ని కలుపనుకుని నరికింది. పౌలు తోటలో అవే అసలు జాతి అన్న సంగతి మరిచిపోయింది.

లూథరు పేరు పెట్టుకున్న సంఘాల నేల కాబట్టి ఈ మాట ఇక్కడ చెప్పాలి. 1523లో ఆయన యేసు పుట్టుకతో యూదుడని గుర్తుచేస్తూ, యూదులతో దయగా మెలగమని పుస్తకం రాశాడు. 1543లో రాసిన ఇంకో పుస్తకంలో వాళ్ల సమాజమందిరాలు తగలబెట్టమన్నాడు, ఇళ్లు కూల్చమన్నాడు, గ్రంథాలు లాక్కోమన్నాడు. 1938 నవంబరులో జర్మనీ అంతటా ఆ మందిరాలు నిజంగానే మండాయి. లూథరు పుట్టినరోజున అవి మండాయని తురింగియా బిషప్పు మార్టిన్ సాసె సంతోషిస్తూ ఆ పాత రాతల్ని ఏరి కరపత్రం వేశాడు. తర్వాతి ఏడేళ్లలో 60 లక్షల మంది యూదులు పోయారు. హయ్యర్‌ను పంపిన అమెరికా లూథరన్ల వారసులైన సంఘం 1994లో ఆ రాతల్ని బహిరంగంగా తిరస్కరించి, యూదుల ముందు తన దుఃఖాన్ని చెప్పుకుంది. రెంటచింతల కతోలికులకు ఆ మాట 1965 అక్టోబరు 28న వచ్చింది. క్రీస్తు మరణాన్ని యూదులందరి నెత్తిన వేయకూడదని వాటికన్ మహాసభ ఆ రోజు ప్రకటించింది.

ఇవన్నీ ఎక్కడో దూరాన జరిగినవి కదా అనుకోవచ్చు. శుభ శుక్రవారం మధ్యాహ్నం ఏ మందిరంలోనైనా కూర్చోండి. పన్నెండు నుంచి మూడింటి దాకా ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు. వాళ్లలో ఒకరైనా, యూదులు ఆయన్ను చంపారు అని తేలిగ్గా అనేస్తారు. సిలువ మీద ఉన్నవాడూ యూదుడే, కింద నిలబడ్డ తల్లీ యూదురాలే, మేకులు కొట్టినవాళ్లు రోమా సైనికులు. ఆ మూడు గంటల్లో ఇది చెప్పడానికి తీరిక దొరకదు.

చాపకూడు పుట్టిన పల్నాడుకు ఇంకో సంగతి త్వరగా ఎక్కాలి. బ్రహ్మనాయుడు అన్ని కులాల్ని ఒకే బంతిలో కూర్చోబెట్టాడని, మాల కన్నమదాసును కొడుకుగా చేసుకున్నాడని కారంపూడిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతియొకయలోనూ గొడవ బంతి గురించే. అన్యజనులతో కలిసి భోంచేస్తున్న పేతురు, యెరూషలేము నుంచి కొందరు రాగానే లేచి పక్కకు జరిగాడు. పౌలు ముఖం మీదే నిలదీశాడు. పౌలు యూదుడు, పేతురు యూదుడు. అపొస్తలుల కార్యాలు 15వ అధ్యాయంలో, సున్నతి లేకుండానే అన్యజనుల్ని చేర్చుకోవాలని తీర్మానించిన సభను నడిపిందీ యూదులే. తమ ఆకు పక్కన మనకు ఆకు వేసింది వాళ్లు. ఆ తర్వాత బంతిలో మన సంఖ్య పెరిగింది. పెరిగాక మనం ఏం చేశామో పైన రాశాను.

వేరును మరిచిపోవడం ఒక తప్పయితే, వేరే మనమనుకోవడం ఇంకోటి. ఇది ఎక్కువ మోజున్న తప్పు. కారు అద్దం మీద ఇజ్రాయెల్ జెండా, ఫోనులో యుద్ధం వార్త రాగానే అంత్యదినాల లెక్కలు. యెరూషలేము యాత్రకు ఇచ్చే సాయాన్ని తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం 2019లో 60,000 రూపాయలకు పెంచింది. వెళ్లొచ్చినవాళ్లు యొర్దాను నీళ్లు తెస్తారు, మంచిదే. ఒక యూదుడితో కూర్చుని ఈ కీర్తన మీరెలా చదువుతారని అడిగి వచ్చినవాళ్లు నాకు ఇంకా తగల్లేదు. మనిషిని కాలసూచికగా వాడుకోవడం ప్రేమ కాదు. బేత్లెహేములో లూథరన్లు ఉన్నారు, వాళ్లు పాలస్తీనా వాళ్లు, వాళ్లకు నిజమైన ఒలీవ తోటలున్నాయి. గురజాల సంఘానికి వాళ్లు సాటి విశ్వాసులు. యూదుల పిలుపు మారదని నమ్మడానికి వీళ్ల కన్నీళ్లు చూడకుండా కళ్లు మూసుకోవాలని పౌలు ఎక్కడా అడగలేదు.

చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు మరో దారి పట్టాయి. ఒకప్పటి క్రైస్తవులే. తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని, బెనె ఎఫ్రాయిము అని చెప్పుకుంటూ యాకోబీ అనే సోదరుల వెంట యూదు ఆచారంలోకి వెళ్లారు. శనివారం విశ్రాంతి దినం, హెబ్రీ పాఠాలు, ఊళ్లోనే చిన్న సమాజమందిరం. ఏ గొడ్డుమాంసాన్ని చూపి ఊరు దూరం పెట్టిందో, ఆ తిండినే తమ ఇశ్రాయేలు మూలానికి గుర్తుగా చూపించారు. ఇజ్రాయెల్ ఇంతవరకు వాళ్లను తనవాళ్లుగా గుర్తించలేదు. వాళ్లను వెక్కిరించేవాళ్లను చూశాను. నాకు నవ్వు రాదు. తండ్రి అబ్రాహామే అని మన తాతలకు చెప్పిన మాటను వాళ్లు అక్షరాలా పట్టుకున్నారు, అంతే. కాకపోతే పౌలు అడవి కొమ్మకు ఇచ్చిన మాటలో, సహజమైన కొమ్మనని రుజువు చేసుకోవాల్సిన పని లేదు. కాపు కాయడానికి రక్తం అక్కర్లేదు. నేను క్రైస్తవుడిగానే మిగలడానికి ఈ ఒక్క ఊరట చాలు.

ఇశ్రాయేలంతా రక్షణ పొందుతుందని పౌలు రాశాడు. ఎలా, ఎప్పుడు అన్నది పంచాంగంలా విప్పలేదు. మూడు అధ్యాయాలు వాదించినవాడు చివరికి వాదన వదిలేసి స్తుతిలో పడ్డాడు. ఆ తెలియనితనం నాకు నచ్చుతుంది. యూదుల్ని ఏం చేయాలో దేవుడికి మనం చెప్పనక్కర్లేదు కదా.

జర్మనీ లూథరన్ సంఘాల్లో త్రిత్వ పండుగ తర్వాత పదో ఆదివారాన్ని ఇశ్రాయేలు ఆదివారంగా ఆచరిస్తారు. ఒకప్పుడు యెరూషలేము నాశనం యూదులకు పడ్డ శిక్ష అని ప్రసంగించిన రోజే అది. ఇప్పుడు ఆ రోజున యూదులతో తమ బంధాన్ని తలుచుకుంటారు. మన దగ్గర ఎక్కువగా ఆగస్టులో, పత్తిలో కలుపు తీసే రోజుల్లో, ఆ ఆదివారం వస్తుంది. ఆ పూట రోమా 11 మొత్తం ఎవరైనా గట్టిగా చదివితే పావుగంట కూడా పట్టదు. చదవడానికి ఇశ్రాయేలు అనే పేరున్న రైతునే లేపితే ఇంకా బాగుంటుంది.